కప్పు కొట్టి చూసెటోడు

మా అమ్మకు నాకంటె ముందు అయిదుగురు.
ఒకడు పురిట్లనే. ఒకతె అమ్మవారు పోసి.
కవలలు ఒకే శుక్రారం.
అయిదోది నవ్వుడు నేర్చినంక.
నన్ను పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టిండ్రు.
మంత్రసాని చాటల ఎత్తుకొని
దోసెడు తవుడుకు మా అమ్మకే అమ్మింది.
చావు తలుపు దాక వచ్చి అడిగితె
పెంటయ్య అన్నరట,
ఎవలకూ అక్కరలేనోడని.
అది నమ్మి మర్లిపోయింది.

బల్లార్షా, మూడో ఇంక్లైన్ల
నా పని కప్పు కొట్టి చూసుడు.
ఇనుప రాడుతోని నెత్తి మీది రాయిని తట్టాలె.
ఖణ్ అంటె కూసోని బువ్వ తినొచ్చు.
డబ్బ్ అంటె ఉరుకాలె.
ముప్పై రెండేండ్లు నా చెవి మీద భరోసతోని
ఎన్ని టోపీలు, ఎన్ని టిఫిన్లు.
ఒక్కసారి తప్పు విన్న. సిడాం జంగు.
ఆ సంగతి మల్ల చెప్త.

బొగ్గు తీసినంక పైన మిగిలే బూడిదరంగు రాతి నిండ ఆకులు.
నడుమ ఈనె, అంచు గుండ్రం,
ఒకదాని మీద ఒకటి.
దీపం అడ్డంగ పడితెనే కనవడుతయి.
బర్రె నాలుకలు అనేటోళ్లం వాటిని.
నాలుకల కింద కూసోని బీడీల ముచ్చట్లు చెప్పుకున్నం,
అవి ఒక్కటీ చెప్పలే.

నాగపూర్ నుంచి డోంగరే బాయి వచ్చింది,
సన్న పిల్ల, మృణ్మయి పేరు,
టోపీ పెద్దదై చెవుల మీదికి జారుతుంటె
మరాఠీల అడిగింది:
కాకా, ఈ ఆకు ఎక్కడి దాక ఉన్నది?
ఇరవై అయిదు కోట్ల ఏండ్ల ముచ్చట అన్నది.
పింఛను ఆఫీసుల తల ఊపినట్టు ఊపిన.

ఇంక్లైన్ గోడ తడుముకుంట పైకి నడిచినం.
నల్లది. బూడిదది. ఆకు.
ఆకు. ఆకు.
జానెడు పాచిరంగు మట్టి.
ఆ మీద ఎర్రరాయి, మన చంద్రపూర్ కోట గోడ రంగు.
అండ్ల ఏం లేదు.
ఇదే, అని బొటనవేలు ఆనిచ్చింది.
నేను రాడుతోని తట్టిన.
ఖణ్ అనలే.
డబ్బ్ అనలే.

ఉత్తరాన మంచు దేశంల భూమి పగిలిందట.
నిప్పు పైకి రాకుంట పక్కలకు పాకి
అక్కడి బొగ్గు పొరలను అందుకున్నదట.
గాలి ఉడికి, సముద్రం పులిసి,
నీళ్ల జీవాలు పదింటికి తొమ్మిది పోయినయట.
ఇసొంటివి పెద్దవి అయిదు సార్లు, అన్నది.
అయిదు.
నేను చీకట్ల ఏలు మడుసుకుంట
అమ్మ లెక్క లెక్కవెట్టిన.

మరి మిగిలిందెవలు బేటీ?
పందంత జంతువు, అన్నది. రెండు కోరలు, పొట్టి మూతి.
బెంగాల్ దిక్కు దాని ఎముకలు దొరుకుతయట.
అందం లేదు, ఉరుకుడు రాదు.
ఎట్ల బతికిందో సరిగ్గ ఎవలకూ తెల్వదట.
నాకు నవ్వొచ్చింది.
దాన్ని ఎవలో చాటల ఎత్తుకున్నరు, అన్న.
ఆమె కాగితం మీద రాసుకోలే.

బయటికొస్తె నలభై ఏడు డిగ్రీలు.
నది అవతల పొగగొట్టాలు.
అక్కడ నిప్పు తనంతట తాను బొగ్గును ఎతుక్కున్నది.
ఇక్కడ మేం మోసి అందిచ్చినం,
ఓటీ కూడ తీసుకొని.

గని మూసి రెండేండ్లు.
పంపులు ఆగినంక నీళ్లు పైకొస్తున్నయట,
కప్పు దాక వచ్చె ఉంటయి.
ఇన్ని కోట్ల ఏండ్లకు నాలుకలు తడిసినయి.

నేను తెచ్చుకున్న ఒక్క పలక
మా భీంబాయి తొక్కు జాడి మీద బరువు పెట్టింది,
ఆకు దిక్కు పైకి.
కిందికి పెడితె నూనె మరక పడుతదంట.